రెండో అంకంలోనే చచ్చిపోయే పాత్రలు

జూన్ వస్తే నాకొచ్చే ఉత్తరాల్లో సగం సీట్ల గురించే. ఇంజనీరింగ్, మెడిసిన్ సంగతులు చెప్పడానికి ఈ పత్రికలో వేరేవాళ్లున్నారు. నాటకం చదువుతాం, సినిమా చదువుతాం అనే పిల్లల ఉత్తరాలు మాత్రం నా బల్ల మీదికి నెట్టేస్తారు. ఆఫీసులో ఆ చదువు వెలగబెట్టినదాన్ని నేనొక్కదాన్నే మరి. ఈసారి అయిదు వచ్చాయి. మొదటిదానికే ఎక్కువ చోటు పోయింది, మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మేడమ్, మాది నెల్లిమర్ల దగ్గర పల్లె. విజయనగరంలో డిగ్రీ పూర్తి చేశాను. మూడేళ్లూ కాలేజీ నాటికల్లో వేశాను. థియేటర్ ఆర్ట్స్‌లో పీజీ చెయ్యాలని ఉంది. నాన్న "సరే, కానీ విశాఖపట్నమైతేనే. పొద్దున్న ట్రైనుకి వెళ్లి సాయంత్రం ట్రైనుకి వచ్చెయ్" అంటున్నారు. అమ్మేమో మద్దిలపాలెంలో పిన్ని వాళ్లింట్లో ఉండమంటోంది. నాకు హాస్టల్లో ఉండాలని ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి కూడా అప్లై చేశాను. ఎక్కడ చదవాలో, ఎక్కడ ఉండాలో తేలక చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: తల్లీ, మీ నాన్నగారి మాట చదివి నవ్వొచ్చింది. 1984లో మా నాన్నగారు ఇదే మాట అన్నారు, దాదాపు ఇవే ముక్కల్లో. మా ఇల్లు విజయనగరం కంటోన్మెంట్‌లో. పొద్దున్న చద్దన్నం తిని స్టేషన్‌కి నడిస్తే బండి, అటు దిగితే సిటీ బస్సు, బస్సు దిగితే ఆంధ్రా యూనివర్సిటీ. 60 కిలోమీటర్లకి హాస్టల్ ఎందుకు, దండగ అన్నారాయన. సీజన్ టికెట్ తీసిచ్చారు. లెక్క ప్రకారం అందులో తప్పేమీ లేదు.

తప్పెక్కడ జరిగిందంటే, నాటకం చదువు పగటి చదువు కాదు. పగలు క్లాసులుంటాయి. నాట్యశాస్త్రం చెప్తారు, ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నోట్సు రాయిస్తారు, గ్రీకుల నాటకశాల నేల మీద ముగ్గులా గీసి చూపిస్తారు. అదంతా పుస్తకంలోనూ దొరుకుతుంది. అసలు చదువు సాయంత్రం అయిదున్నరకి మొదలవుతుంది. అప్పటికి గానీ అందరికీ క్లాసులవవు, హాలు ఖాళీ అవదు. లైటింగ్ అయితే మరీను. ఆరుబయట స్టేజి మీద లైటు ఎవరి మొహం మీద ఎలా పడుతోందో చీకటి పడ్డాకే కదా తెలిసేది!

నాకేమో ఏడున్నర బండి. ఆరున్నరకల్లా సంచి భుజాన వేసుకోవాలి. మా మాస్టారు పాపం మంచాయన. నన్ను వదులుకోలేక, నా బండికి సరిపడే పాత్రలు వెతికేవారు. ఉత్తరం తెచ్చిచ్చి వెళ్లిపోయే పనిమనిషి, మొదటి రంగంలో దగ్గి రెండో అంకంలో పోయే తల్లి. ఆ మూడు నెలల్లో నేనెన్నిసార్లు చచ్చిపోయానో నాకే లెక్క లేదు. ఒక నాటకంలో శవం కావాలన్నారు. మాటలు లేవు, కదలక్కర్లేదు, నాకు సరిపోతుందనుకున్నాను. అదీ పోయింది. ఆ శవం ఆఖరి రంగం దాకా స్టేజి మీద ఉండాలట.

కాబట్టి రోజూ ట్రైనులో తిరగడం కుదరదని ఈ ఒక్క విషయంలో నాన్నగారికి గట్టిగా చెప్పు. అన్ని చదువులకీ అనడం లేదు. ఎమ్మెస్సీ మేథ్స్ వాళ్లు చక్కగా తిరిగి ర్యాంకులు తెచ్చుకుంటున్నారు.

ఇక పిన్నిగారిల్లు. మీ పిన్ని మంచిదే అయ్యుంటుంది, ఇబ్బందంతా ఆ మంచితనంతోనే. నువ్వు రాత్రి పదిన్నరకి వస్తే ఆవిడ పడుకోదు. అన్నం వేడిచేసి పెడుతుంది. మర్నాడు బాబాయికి ఆఫీసు, పిల్లలకి స్కూలు. వారం పోయాక ఎదురింటావిడ "మీ అక్క కూతురు రాత్రిపూట ఏం చదువుతోందమ్మా" అని అడుగుతుంది. పిన్ని నిన్ను ఒక్క మాటా అనదు, మీ అమ్మకి ఫోన్ చేసి కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. నాతో చదివిన అమ్మాయి ఒకర్తె బాబాయి ఇంట్లో ఉండేది. డైలాగు గట్టిగా చెప్పుకోవడానికి చోటు లేక బాత్రూంలో కుళాయి తిప్పి చెప్పుకునేది. నీళ్ల బిల్లు మీద గొడవైంది. పండక్కో, ఆదివారం భోజనానికో వెళ్లు, ఆ ఇంటితో బంధుత్వం నిలుస్తుంది.

అయితే హాస్టల్ అనగానే ఏదో ఒకటిలే అని చేరిపోకు. నేనలాగే చేరాను. అడ్వాన్సు ఎంత, కూర ఎలా ఉంటుంది అని రెండే అడిగాను, గేటు ఎన్నింటికి వేస్తారో అడగలేదు. ఎనిమిదింటికట! చేరిన పదో రోజున మాకు మేకప్‌తో పూర్తి రిహార్సల్. నాది డెబ్భై ఏళ్ల ముసలమ్మ వేషం, అప్పటికి ప్రమోషనొచ్చింది, మూడో అంకం దాకా బతికే ఉన్నాను. తొమ్మిదింబావుకి తెల్లపౌడర్ కొట్టిన తలతో, కళ్ల కింద గీతలతో, అదే నేత చీరతో గేటు దగ్గరికొచ్చాను. వాచ్‌మన్ లాంతరెత్తి చూశాడు. "ఎవరి కోసమమ్మా? చూడ్డానికొచ్చేవాళ్ల టైమైపోయింది, రేపు రండి" అన్నాడు. నేనేనయ్యా పదకొండో నంబరు గది అంటే, "ఆ గదిలో ఉన్నది చిన్నమ్మాయండీ" అన్నాడు. నా నటనకి నాకు దక్కిన మొదటి మెప్పు అదే, కానీ అప్పుడు ఏడుపొచ్చింది. అరగంట నిలబెట్టి, వార్డెన్‌ని లేపి, మొహం కడిగించి లోపలికి రానిచ్చారు.

మర్నాడు మా విభాగాధిపతి ఒక కాగితం రాసిచ్చారు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా, ఫలానా అమ్మాయిలకి, రాత్రి ఇన్నింటిదాకా రిహార్సల్, తిరిగి దిగబెట్టే బాధ్యత మాది అని సంతకంతో సహా. అది వాచ్‌మన్ కుర్చీ వెనక మేకుకి తగిలించారు. అంతే, మళ్లీ గొడవ లేదు. నువ్వు చేరేముందు ముఖ్యంగా అడగాల్సింది ఈ కాగితం గురించే. రిహార్సల్ లిస్టు డిపార్ట్‌మెంట్ ఇస్తే హాస్టల్ ఒప్పుకుంటుందా, ఒప్పుకుంటే ఎన్నింటిదాకా, ఎవరు దిగబెడతారు. యూనివర్సిటీ హాస్టల్ అయితే ఇది రెండు కాగితాల పని. బయట మద్దిలపాలెం, పెదవాల్తేరు, ఇసుకతోట వైపు ప్రైవేటు లేడీస్ హాస్టళ్లు బోలెడున్నాయి గానీ అక్కడ ఓనరమ్మ మాటే చట్టం. కొందరు తొమ్మిదన్నర అంటే తొమ్మిదన్నరే. వాళ్లదీ తప్పనను, పాతిక మంది ఆడపిల్లల బాధ్యత అది. ముందే అడిగి, కుదరదంటే దణ్ణం పెట్టి వచ్చెయ్యి.

అన్నం సంగతి అడిగేటప్పుడు మెనూ అడక్కు, ఎలాగూ గోడ మీద రాసి ఉంటుంది. "ఆలస్యమైతే నా పళ్లెం తీసి ఉంచుతారా" అని అడుగు. గదిలో ఎంతమంది అన్నది రెండో మాట. నాటకం పిల్ల ఒక్కర్తీ గదిలో ఉండటం కన్నా ఇద్దరో ముగ్గురో ఉంటేనే మేలని నా ఉద్దేశం. అందరూ థియేటర్ వాళ్లే అయితే మాత్రం ఒద్దు. రాత్రింబవళ్లు అదే గోల, ఎవరికే వేషం వచ్చిందన్న ఏడుపొకటి. నా పక్క మంచం పిల్ల కెమిస్ట్రీ. నా చేత పాఠం ఒప్పజెప్పించుకున్నట్టు డైలాగులు ఒప్పజెప్పించుకునేది, ఎక్కడ మింగేసినా పట్టేసేది. నాటకం రోజున ముందు వరసలో కూర్చుని, నాకన్నా అరక్షణం ముందు ఆవిడ పెదాలు కదలడం స్టేజి మీంచి కనిపించింది.

మేడ తాళం ఎవరి దగ్గరుంటుందో కూడా కనుక్కో. గొంతు విప్పి మాట్లాడ్డానికి మేడకి మించిన చోటు లేదు. విశాఖలో పైపెచ్చు సముద్రం గాలి. ఆ గాలిని దాటి వినబడితే ఏ హాల్లోనైనా ఆఖరి బెంచీ దాకా వినబడతావు. బట్టలు మాత్రం ఆ ఉప్పుగాలికి త్వరగా ఆరవు, స్టేజి మీద వేసే చీరలు ట్రంకుపెట్టెలో పెట్టుకో.

ఇక ఏ యూనివర్సిటీ అన్నది. నేను ఆంధ్రా యూనివర్సిటీ మనిషిని, నా మాటలో పక్షపాతం ఉంటుంది, ఉప్పు తగ్గించి తీసుకో. 1926లో పెట్టిన ఆ విశ్వవిద్యాలయంలో అబ్బూరి రామకృష్ణారావు గారు గ్రంథాలయం చూసుకుంటూనే పిల్లల చేత నాటకాలు ఆడించారు. ఆ గాలి ఇంకా అక్కడుందని నా నమ్మకం. తెలుగు నాటకం, తెలుగు ప్రేక్షకులు, శనివారం ఇంటికి రావచ్చు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్ 1988 నుంచి ఉంది. థియేటర్‌తో పాటు డాన్సు, పెయింటింగ్, కమ్యూనికేషన్ వాళ్లు పక్కపక్కనే ఉంటారు, క్లాసులు ఇంగ్లీషులో, నీ పక్కన కేరళ పిల్లో బెంగాల్ పిల్లో కూర్చుంటుంది. 2,300 ఎకరాల క్యాంపస్, హాస్టళ్లు లోపలే. సైకిలు లేకపోతే మొదటి వారమే కాళ్లు పడిపోతాయి.

రెండుచోట్లా సీటొస్తే ఎక్కడ క్యాంపస్ లోపల మంచం దొరికితే అక్కడికి వెళ్లు. ఆ మంచం హైదరాబాద్‌లో దొరికి విశాఖలో దొరక్కపోతే నిశ్చింతగా రాత్రి బండెక్కు. మా మాస్టారు బతికుంటే ఈ మాటకి నన్ను కోప్పడేవారేమో.

నాన్నగారి సంగతి చెప్పడం మరిచాను. ఆయన్ని మాటలతో ఒప్పించాలని చూడకు. అడ్మిషన్ రోజున ఆయన్నీ తీసుకెళ్లి, సాయంత్రం దాకా ఉంచి, జరుగుతున్న రిహార్సల్ ఏదైనా చూపించు. మా నాన్నగారు ఒకరోజు చెప్పకుండా వచ్చి హాలు వెనక నిలబడ్డారు. నేను ఆరున్నరకి సంచి తీసుకుని మధ్యలో లేచి రావడం, మిగతావాళ్లు ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలుపెట్టడం చూశారు. బండిలో ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. కొత్తవలస దాటాక బఠాణీలు కొనిచ్చారు. తర్వాతి నెల సీజన్ టికెట్ తియ్యలేదు.

ప్రశ్న: మేడమ్ గారూ, మాది శ్రీకాకుళం జిల్లా టెక్కలి. బీటెక్ మూడో ఏడు. నాకు సినిమా డైరెక్షన్ అంటే పిచ్చి. హైదరాబాద్‌లో ఒక ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆరునెలల కోర్సు, హాస్టల్ కలిపి ప్యాకేజీ అంటున్నారు, ఈ నెలలోనే మొత్తం కట్టెయ్యాలట. బీటెక్ మానెయ్యనా? ఇంకోటి, నేను నోరు తెరిస్తే మా యాస వస్తుందని స్నేహితులు నవ్వుతున్నారు.

జవాబు: ఏటి బావూ, మూడేళ్లు చదివి నాలుగో ఏడు మానేస్తావా? పుణెలోని ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్‌లో డైరెక్షన్ మూడేళ్ల కోర్సు. దానికి ముందు డిగ్రీ ఉండాలి, ఏ డిగ్రీ అయినా ఫరవాలేదు, నీ బీటెక్ చాలు. పాత ప్రభాత్ స్టూడియో ఆవరణలో 1960లో పెట్టారు దాన్ని. కోల్‌కతాలో సత్యజిత్ రాయ్ పేరు మీద ఇంకోటుంది. రెండూ కేంద్ర ప్రభుత్వానివే, రెండింటికీ ఎంట్రన్స్ గట్టిగానే ఉంటుంది. విజయనగరంలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తిన్నగా పుణెలో దిగొచ్చు, ఒకసారి పోయి ఆ చోటు చూసిరా.

ఈ నెలలోనే మొత్తం కట్టమనేవాళ్ల దగ్గర నాకు అనుమానం. వాళ్ల హాస్టల్ చూశావా, ఫోటోలు చూశావా? ఊరికే ఒక ఉదయం పోయి పాత బ్యాచ్ కుర్రాళ్లతో బయట టీకొట్టు దగ్గర మాట్లాడు. ఎంతమందికి ఒక కెమెరా, ఆరునెలల్లో నువ్వు సొంతంగా తీసేవి ఎన్ని, ఎడిటింగ్ గది రాత్రి తెరిచి ఉంటుందా అని అడుగు. చదువుకీ మంచానికీ ఒకే రసీదు ఇస్తే ఒద్దు. పాఠం నచ్చకపోతే మానేద్దామనుకున్న రోజున గది కూడా పోతుంది.

యాస సంగతికొస్తే, కన్యాశుల్కం మొదటిసారి ఆడింది 1892లో, మన విజయనగరంలోనే. అందులో ఏ ఇద్దరూ ఒకేలా మాట్లాడరు, అందుకే నూట ముప్ఫై ఏళ్లయినా ఆడుతున్నారు. నీ యాస పోగొట్టుకోకు. దాని పక్కన ఇంకోటి, వీలైతే మరోటి నేర్చుకో. సీను రాసేటప్పుడు మీ అమ్మమ్మ చేత ఒక పాత్ర మాట్లాడించి చూడు. నవ్విన స్నేహితులకి అలాంటి ఒక్క ముక్క రాయడం చేతనవుతుందేమో అడుగు.

ప్రశ్న: మా అబ్బాయికి థియేటర్ పీజీలో సీటొచ్చింది. హాస్టల్లో ర్యాగింగ్ అంటే నాకు నిద్ర పట్టడం లేదు. "యాక్టింగ్ కోర్సులో అలాంటివి మామూలే అమ్మా" అంటాడు వాడు. — ఒక తల్లి, బొబ్బిలి

జవాబు: మామూలేం కాదమ్మా. మీవాడు రెండు వేర్వేరు సంగతులు కలిపేస్తున్నాడు. నాటకం క్లాసులో బిడియం పోవడానికి కోతిలా గెంతమంటారు, చెట్టులా నిలబడమంటారు, ఎదుటివాడి కళ్లలోకి చూడమంటారు. అది పగలు, హాల్లో, మాస్టారి ఎదుట, అందరూ కలిసి చేసేది. ఇష్టం లేనివాడు పక్కన కూర్చోవచ్చు. రాత్రి పదింటికి గదిలోకొచ్చి "యాక్టింగ్ స్టూడెంటువి కదా, ఏడ్చి చూపించు" అంటే అది ర్యాగింగే. ఈ తేడా మీవాడికి వెళ్లేముందే చెప్పండి. యూజీసీ 2009లో దీని మీద గట్టి నిబంధనలు పెట్టింది. చేరేటప్పుడు పిల్లవాడూ తల్లిదండ్రులూ ఇద్దరూ హామీపత్రం ఇవ్వాలి, అది చదవకుండా సంతకం పెట్టకండి. హెల్ప్‌లైన్ 1800-180-5522, రాత్రయినా పనిచేస్తుంది. ఫోన్‌లో సేవ్ చేసి పంపండి.

ప్రశ్న: ఈ చదువుకి ఉద్యోగం వస్తుందా? ఒక్క మాటలో చెప్పండి. — ఒక తండ్రి, రాజాం

జవాబు: ఒక్క మాటలో అయితే, గ్యారంటీ లేదండీ. ఇంకో నాలుగు మాటలు చెప్పనివ్వండి. పీజీ అయ్యాక యూజీసీ నెట్‌లో నాటకం సబ్జెక్టుగా ఉంది, అది పాసైతే కాలేజీలో పాఠం చెప్పొచ్చు, జేఆర్ఎఫ్ వస్తే పరిశోధనకి నెలనెలా డబ్బొస్తుంది. పెద్ద స్కూళ్లు డ్రామా టీచర్లని పెట్టుకుంటున్నాయి. డబ్బింగు, లైటింగు, కాస్ట్యూము పనులు తెలిసినవాళ్లు హీరోలవుదామని వెళ్లినవాళ్లకన్నా ముందు నిలదొక్కుకోవడం నేను కళ్లారా చూశాను. ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా ఉంది, 1959 నాటిది, మూడేళ్ల కోర్సు. చదివినన్నాళ్లూ స్టైపెండ్ వాళ్లే ఇస్తారు. డిగ్రీతో పాటు నాటకాల్లో అనుభవం అడుగుతారు, కాబట్టి ఇప్పుడే వేసిన ప్రతి నాటకానికీ సర్టిఫికెట్ దాచమనండి. అక్కడికీ మన విజయనగరం మీదుగా సమతా ఎక్స్‌ప్రెస్ ఉంది.

ఉద్యోగం ఒకటి చేస్తూ నాటకం ఆడినవాళ్లూ మనవైపే ఉన్నారు. శ్రీకాకుళం జిల్లాలో పుట్టి విజయనగరంలో తమ్ముడు రమణమూర్తి గారితో కలిసి నాటకాలాడిన జె.వి.సోమయాజులు గారు డిప్యూటీ కలెక్టర్‌గా చేశారు. 1980లో సినిమాతో దేశమంతా పేరొచ్చేసరికి ఆయనకి యాభై దాటాయి. అంతకాలం ఆగగలరా అని మీవాణ్ణి కాదు, మిమ్మల్ని అడుగుతున్నాను.

ప్రశ్న: హాస్టల్‌కి ఏమేం పట్టుకెళ్లాలి? — నాటకం విద్యార్థి, పార్వతీపురం

జవాబు: దుప్పటి, బకెట్టు అందరూ చెప్తారు, నేను చెప్పను. నల్ల ప్యాంటు, నల్ల చొక్కా ఒక జత. మొదటి ఏడు నీకు వేషం రాదు, తెర వెనక బల్లలు మొయ్యాలి, అక్కడ మనిషి కనబడకూడదు. చిన్న టార్చి. పిన్నీసులు ఒక అట్ట నిండా, అవి నీకోసం కాదు, అడిగేవాళ్లకోసం. పెట్టెకి మంచి తాళం. కొబ్బరినూనె సీసాలు రెండు. ఒకటి తలకి, ఒకటి మేకప్ తియ్యడానికి. రెండోదాని మీద పేరు రాసి దాచుకో, నాటకం రోజు రాత్రి హాస్టల్ మొత్తం దానికోసమే వెతుకుతుంది.